మల్లేశన్న మాటను నేను మార్చాను

ఒక మనిషి జీవితంలో మొదటిసారి నోరు తెరిచి చెప్పుకున్న మాటను నేను మధ్యలో మార్చేశాను. ఆ సంగతి మోసుకుంటూ చాలా ఏళ్లు తిరిగాను. ఈ మధ్యలో పెళ్లయింది, కొడుకు పుట్టాడు, పనిచేసే చోట నలుగురూ పెద్దవాడిగా చూడటం మొదలుపెట్టారు. ఏం చేస్తున్నా అది మాత్రం లోపల అలాగే కూర్చుని ఉండేది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తిన్నగా చెప్పాలని ఉంది. ఎక్కడైనా ఆగిపోతే కాస్త ఓపిక పట్టండి.

నేను సూరత్‌లో పుట్టాను. మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి వచ్చి పర్వత్ పాటియా దగ్గర మరమగ్గాల మీద పనిచేశాడు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో కొన్నాళ్లు తెలుగు, ఆ తర్వాత గుజరాతీ. మూడు భాషలు రావడం గొప్ప సంగతి అని నేనెప్పుడూ అనుకోలేదు. ఇక్కడ మావాళ్ల పిల్లలందరికీ వస్తాయి. చదువు ఆగిపోయాక తాపీ నదికి అవతల ఒక ట్రస్టు ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా చేరాను.

అది మనసుకు వైద్యం చేసే వార్డు. చిన్నతనంలో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నవాళ్లు, భయంలోనే పెరిగినవాళ్లు, పెద్దయినా ఆ భయం వదలనివాళ్లు అక్కడికి వచ్చి కొన్ని వారాలు ఉండేవాళ్లు. వరాఛాలో వజ్రాలు సానబట్టే ఆయన ఉండేవాడు. హజీరా కంపెనీ బస్సులో ఊపిరాడక మధ్యలోనే దిగిపోయే గుమాస్తా ఉండేవాడు. మందులు తక్కువ, మాటలు ఎక్కువ. పొద్దున అందరూ గుండ్రంగా కూర్చునేవాళ్లు. తర్వాత ఒక్కొక్కరూ డాక్టరు మేడంతో విడిగా మాట్లాడేవాళ్లు. గాయం దగ్గరికి మేడం వెంటనే వెళ్లనిచ్చేది కాదు. భయం ముంచుకొస్తే పాదాలు నేలకు ఎలా అదిమిపెట్టాలో, చన్నీళ్లలో చేతులు పెట్టుకుని చుట్టూ ఉన్న రంగుల పేర్లు ఎలా చెప్పుకోవాలో ముందు నేర్పేది. ముందు నిలబడటం రావాలి, నడక తర్వాత, అనేది.

మల్లేశన్నను ఆ వార్డుకు ఆయన భార్య పద్మ తీసుకొచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మరమగ్గాల పని. ఆయన ఇంట్లో ఏ తలుపుకూ గొళ్లెం లేదట. ఉన్నవన్నీ ఆయనే పీకేశాడట. ఎక్కడైనా తలుపు ధడేల్మంటే ఉన్నచోటే కొయ్యబారిపోయేవాడు. మగ్గం నడుస్తుండగా అలా రెండుసార్లయ్యేసరికి చెయ్యి పోతుందని పద్మ భయపడింది. ఆయనకు హిందీ వచ్చు. కానీ అది సేఠ్‌తో, కిరాణా కొట్టువాడితో మాట్లాడే హిందీ. చిన్నప్పటి సంగతి అడిగితే ఆ హిందీ ఆగిపోయేది, తెలుగు వచ్చేది. మేడంకు తెలుగు రాదు. వార్డు మొత్తంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

మేడం నన్ను పిలిచి కూర్చోబెట్టింది. ఆయన చెప్పింది నాకు గుజరాతీలో చెప్పు, నేను చెప్పింది ఆయనకు తెలుగులో చెప్పు, అంతే, అంది. ఒక మాట కలపవద్దు, ఒక మాట తీయవద్దు, వినడానికి బాగాలేకపోయినా సరే. నేను తల ఊపాను. ఎంత గర్వపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. మరునాటి నుంచి చీపురు, బకెట్ పక్కన పెట్టి ఇద్దరు పెద్దవాళ్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆయన కోసం మేడం వడ్రంగిని పిలిపించి మేం ముగ్గురం కూర్చునే గది తలుపుకున్న గడియ తీయించేసింది. అది చూశాక ఆయన కొంచెం కొంచెంగా మాట్లాడాడు. మగ్గాల మోతకు చెవులు దెబ్బతిన్న మనిషి కాబట్టి ఆయన గొంతు ఎప్పుడూ పెద్దదే. మొదట్లో పని గురించి, తర్వాత పద్మ గురించి, పిల్లల గురించి. నన్ను తమ్మీ అని పిలిచేవాడు. నేను ఇడ్లీ తెస్తే సగం నాకే పెట్టేవాడు. ఒకరోజు, ఎవరూ ఏమీ అడగకుండానే, మెడలో తువ్వాలు తీసి మొహానికి పెట్టుకుని మొదలుపెట్టాడు.

తండ్రి పోయాక మేనమామ వచ్చి ఇల్లు నడిపాడట. మగ్గానికి వాడే తోలు పట్టాతో కొట్టేవాడట. తప్పు చేస్తే కొట్టడం కాదు, పొద్దు గడవనప్పుడు కొట్టడం. అది మొదలయ్యే ముందు బయట గొళ్లెం పడేదట. వీడు పరుగెత్తకూడదని, ఇరుగుపొరుగు చూడకూడదని. అయిపోయాక గొళ్లెం తీసి, వేడినీళ్లు పోసి, అన్నం తినిపించేవాళ్లట. నేను వింటున్నాను, ముక్క ముక్కగా గుజరాతీలోకి మారుస్తున్నాను. ఎవరు, ఎవరు తినిపించేవాళ్లు అని మేడం మెల్లగా అడిగింది. నేను అడిగాను. తువ్వాలు కింద నుంచి ఆయన అన్నాడు.

"మా అమ్మ. గొళ్లెం పెట్టేది గూడ మా అమ్మనే. గడప మీద కూసోని బియ్యంల రాళ్లు ఏరుకుంట ఉండేది. నాకు చాట చప్పుడు ఇనబడేది."

గుజరాతీలో అమ్మను మా అంటారు. మేనమామను మామా అంటారు. నేను మేడం వైపు తిరిగి, అన్నం పెట్టేది మా అన్నాను, గొళ్లెం పెట్టేది మామా అన్నాను. చాట సంగతి అసలు చెప్పలేదు.

నోరు జారింది అని నాకు నేను ఎన్నేళ్లు చెప్పుకున్నానో! ఒక్క అక్షరం. ఎవరికైనా జారుతుంది. కానీ జారలేదు. ఆ మాట నోట్లోకి రావడం, దాన్ని నేను వెనక్కి నెట్టడం, ఇంకోటి పెట్టడం, మూడూ నాకు తెలిసే జరిగాయి. తెలియకపోతే చాటను ఎందుకు వదిలేశాను?

ఎందుకు మార్చాను? దీనికి జవాబు వెతకడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది. మా నాన్న కూడా కొట్టేవాడు. ఆయన చెయ్యి లేచినప్పుడల్లా మా అమ్మ బిందె తీసుకుని నల్లా దగ్గరికి వెళ్లేది. నల్లా రాని వేళల్లో కూడా వెళ్లేది. ఖాళీ బిందెతో తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయి ఉండేది. ఆమె మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. రాలేదనే అనుకున్నాను. ఆ రోజు కూడా నా సంచిలో ఆమె కట్టిచ్చిన రొట్టెలున్నాయి. ఒక తల్లి గొళ్లెం పెట్టిందని ఆ గదిలో నా నోటితో పలికితే ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ఆమె మొహం ఎలా చూడాలి? మల్లేశన్న తల్లిని కాపాడుతున్నాను అనుకున్నాను కాబోలు. ఆ ముసలామెను నేను అప్పటికి చూడను కూడా లేదు. కాపాడుకున్నది నా తల్లిని. లేదా తల్లి గురించి నేను అల్లుకున్న కథను. ఏదైతేనేం, దాని ధర కట్టింది ఆయన.

ఒక అబద్ధంతో పని కాలేదు. కొట్టిన ఇంట్లో అన్నం పెట్టిన చెయ్యి ఒకటి ఉందని మేడంకు అర్థమైంది. ఆ చేతి ఆసరాతోనే ఆయనను పైకి తేవాలనుకుంది. భయం వేసినప్పుడు మీ అమ్మను తలచుకోండి, అని చెప్పమంది. గుజరాతీలో మా అంటే అమ్మ అని ఆయనకూ తెలుసు. తలెత్తి నా వైపు చూశాడు. "మంచి మనిషిని ఎవరినన్న తలుసుకోమంటున్నదన్నా" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి పద్మ పేరు చెప్పాడు. నేను మేడంకు, సరే అంటున్నాడు, అని చెప్పాను. ఇలా ఎన్ని మార్చానో లెక్క లేదు. రోజూ భయంగానే ఉండేది. రోజూ, రేపు చెప్పేస్తాను అనుకునేవాణ్ణి. మీరెప్పుడైనా అలా రేపటి మీద బతికారా?

చివరికి మేడం ఆయన తల్లిని పిలిపించింది. కుటుంబంతో కలిసి కూర్చునే రోజు ఒకటి ఉండేది. నాతో చెప్పకుండానే పద్మకు ఫోన్ చేసి, ముసలామెను తీసుకురమ్మంది. ఆయనకు సంతోషం కలిగించాలని ముందు చెప్పలేదట. ఆమె మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. చిన్న మనిషి. స్టీలు డబ్బాలో కొడుక్కి సర్వపిండి తెచ్చింది. మేడం ఆమెను ఆయన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టి, ఆమె చేతిని తీసి ఆయన చేతి మీద పెట్టింది.

ఆయన కదల్లేదు. చేతిని లాక్కోలేదు. మేడం వైపు కూడా చూడలేదు. నా వైపు చూశాడు.

"తమ్మీ, గొళ్లెం సంగతి నువ్వు మేడంకు చెప్పినవా?"

"చెప్పిన అన్నా."

"ఎవరు పెట్టిన్రో చెప్పినవా?"

"చెప్పిన."

"అన్నీ తెలిసే ఈమెను పిలిచిందా?"

నేను మేడం వైపు తిరిగాను. మేడం ఏమంటున్నాడని అడిగింది. అమ్మను చూసి మాట రావడం లేదట, అన్నాను.

"గంతేనా మరి. తీయ్," అన్నాడు ఆయన. లేచి, తల్లి చేతిని మెల్లగా కుర్చీ చేతి మీద పెట్టి, గదిలోంచి వెళ్లిపోయాడు. సాయంత్రానికి పద్మ ఎంత చెప్పినా వినకుండా ఇంటికి వెళ్లిపోయాడు. డబ్బా మూత తీయకుండానే ముసలామె దాన్ని తిరిగి పట్టుకుపోయింది.

తర్వాత మేడం అందరినీ కూర్చోబెట్టి, తప్పు నాదే అంది. తొందరపడ్డాను, ఆయన ఇంకా సిద్ధంగా లేడు, నేను గుర్తించలేకపోయాను, అంది. కొత్తగా వచ్చే డాక్టర్లకు కూడా పేరు చెప్పకుండా ఈ సంగతి చెప్పి, నాలా తొందరపడవద్దు అనేది. నేను ఆ గదిలోనే మంచినీళ్లు అందిస్తూ వినేవాణ్ణి. ఇది ఆ మొదటి తప్పు కంటే చిన్నదా, పెద్దదా? నాకు తెలియదు. మొదటిది ఒక్క ఊపిరిలో చేశాను. దీన్ని మాత్రం ఏళ్ల తరబడి, తిండి తింటూ, నిద్రపోతూ, పండగలు చేసుకుంటూ చేశాను.

ఇన్నేళ్లకు మేడం దగ్గర నిజం ఎందుకు బయటపెట్టానో చెబుతాను. అందులో నా గొప్ప ఏమీ లేదు.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం మావాడు నా ఫోన్ నీళ్ల బకెట్‌లో పడేశాడు. వాడికి ఆరేళ్లు. నా చెయ్యి లేచింది. ఆ చెయ్యి నాది అనిపించలేదు, మా నాన్నది అనిపించింది. నా భార్య వంటింట్లోంచి వచ్చింది. వచ్చి బయటికి వెళ్లిపోతుందనే అనుకున్నాను, నిజంగా అదే అనుకున్నాను, ఇళ్లలో అలాగే జరుగుతుందని నా ఒంటికి తెలుసు. ఆమె వెళ్లలేదు. పిండి చేతులతోనే వాడి ముందు నిలబడింది.

"కొట్టు, జూస్త. నేనైతే ఈడికెళ్లి కదల," అంది.

అరవలేదు. ఏడవలేదు. నిలబడింది, అంతే. నా చెయ్యి దానంతటదే దిగిపోయింది. నేను గోడకు ఆనుకుని కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. వాడు భయపడి నాకే మంచినీళ్లు తెచ్చాడు. నిలబడటం కూడా కుదురుతుందా? అప్పుడు మా అమ్మకు కుదరలేదా, ఆమెకు తెలియలేదా? ఆమె ఇప్పుడు లేదు, అడగలేను. బిందె పట్టుకుని వెళ్లే ఆ మనిషి మీద నాకు కోపం ఉందని ఆ రోజు మొదటిసారి ఒప్పుకున్నాను. కోపం వస్తే ప్రేమ పోతుందేమో అని భయపడ్డాను. పోలేదు. రెండూ ఉన్నాయి. ఇంత చిన్న సంగతి ముందే తెలిసి ఉంటే ఆ రోజు ఆ మాట పలికేవాణ్ణేమో.

మరునాడు మేడం గదికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆ తల్లి చేతిని తీసి ఆయన చేతి మీద పెట్టిన నా చేతిని ఇన్నేళ్లూ నేనే తిట్టుకున్నాను, నీకు తెలుసా, అంది. తెలుసు మేడం అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. రావలసినంతే వచ్చింది. ఇక మీద నువ్వు ఎవరి మాటలకూ మధ్యలో కూర్చోవద్దు, అంది. పై వాళ్లకు చెప్పవలసింది చెప్పింది. నన్ను పని నుంచి తీసేస్తారనుకున్నాను. తీయలేదు, రోగుల గదుల నుంచి మాత్రం తప్పించారు. చివరగా మేడం అంది, ఇది నాకు చెబితే సరిపోదు, ఆయనకు చెప్పాలి, కానీ ఆయన వింటానంటేనే. పద్మకు తనే ఫోన్ చేసింది. ఆసుపత్రికి రానన్నాడట. వాణ్నే కార్ఖానాకు రమ్మను, అన్నాడట.

వెళ్లాను. పొడుగాటి రేకుల షెడ్డు, రెండు వరసల మగ్గాలు, గాలినిండా దూది నూగు. మల్లేశన్న జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టాడు, నవ్వలేదు. బయటికి పోదామని సైగ చేశాను. మగ్గాల వైపు చెయ్యి చూపించి, సాంచెలు ఆపితే సేఠ్ ఊకోడు, ఇక్కడనే చెప్పు, అన్నాడు. ఆ మోతలోనే చెప్పాను. ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇనబడ్తలేదు. జర గట్టిగ చెప్పు."

నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ముగ్గురమే ఉన్నప్పుడు, గుసగుసగానైనా చెప్పలేకపోయిన మాట అది. దాన్ని ఇప్పుడు గొంతు చించుకుని అరిచాను. "గొళ్లెం పెట్టింది మీ అమ్మ అని నేను మేడంకు చెప్పలే అన్నా! మీ మామ పెట్టిండని చెప్పిన! ఆమెకు ఏం ఎరుక లేదు! నేను అబద్ధం చెప్పిన!" పక్క వరసలో ఇద్దరు పనివాళ్లు తిరిగి చూశారు.

ఆయన నన్ను చూస్తూ ఉండగానే ఒక మగ్గంలో దారం తెగింది. వెళ్లి ముడి వేసి, మళ్లీ నడిపించి, అప్పుడు నన్ను గుమ్మం దాకా తీసుకొచ్చాడు.

"అంటే మేడంకు ఎరుకనే లేదు."

"లేదన్నా."

"ఇన్నేండ్లు ఆమెను తిట్టుకున్న. అన్నీ ఇని గూడ అమ్మ దిక్కే ఉన్నదని." చేతులకంటిన నూగు దులుపుకున్నాడు. "మా అమ్మ నిరుడు పోయింది. ఒక్కపారి అడుగుదామనుకున్న, ఎందుకు పెట్టినవే అని. మేడం పక్కకు ఉంటె అడుగుతుంటినేమో. ఒక్కన్ని అడగలేకపోయిన."

ఎందుకు మార్చినవు, అని ఆయనే అడిగాడు. మా అమ్మ గురించి, బిందె గురించి చెప్పబోయాను. రెండు మాటలు విని చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది నీది. నా మీద ఎయ్యకు. నాది నాకే మస్తున్నది."

"ఎయ్యనన్నా."

"పో ఇగ. పని ఉన్నది."

లోపలికి వెళ్లిపోయాడు. తిరిగి చూడలేదు. నేను క్షమించమని అడగలేదు. అడగాలని దారి పొడుగునా అనుకుంటూనే వెళ్లాను, అక్కడ ఆయన మొహం చూశాక అది కూడా ఆయన మీద ఇంకో బరువు వేయడమే అనిపించింది.

రోడ్డు మీదికి వచ్చాక విచిత్రంగా ఆకలి వేసింది. మామూలు ఆకలి కాదు, జ్వరం తగ్గిన పిల్లవాడికి వేసే ఆకలి. బండి దగ్గర నిలబడి, శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించే లోచో తిన్నాను, పైన నూనె, సేవ్, ఉల్లిపాయలు వేయించుకుని. వేడికి నాలుక కాలింది. ఇంకో ప్లేటు అడిగాను. ఒక మనిషికి తీరని అన్యాయం చేసి, అది ఆయన మొహం మీదే చెప్పి వచ్చి, ఇంత రుచిగా తినవచ్చా? సిగ్గు వేసింది. అయినా తిన్నాను. గొంతులో ఏదీ అడ్డం పడలేదు.

దీపావళి అయ్యాక మల్లేశన్న వార్డుకు తిరిగి వచ్చాడు. మేడం రమ్మనలేదు, ఆయనే పద్మతో వచ్చాడు. ఇప్పుడు మాకు ఒక తెలుగు నర్సమ్మ ఉంది, కరీంనగర్ పిల్ల. ఆమె మధ్యలో కూర్చుంటుంది. నేను ఆ గది ఛాయలకు రాకూడదన్నది ఆయన పెట్టిన షరతు. న్యాయమే. వరండాలో ఎదురైతే పక్కకు తప్పుకుంటాను. ఆయన నన్ను చూసీ చూడనట్టు వెళతాడు. తమ్మీ అని పిలవలేదు. పిలుస్తాడని ఎదురుచూడటం కూడా మానేశాను.

ఆయన గొంతు మాత్రం ఇప్పటికీ పెద్దదే. గది తలుపు తీసే ఉంటుంది కాబట్టి పొద్దున పూట వరండా దాకా వినిపిస్తుంది. మాటలు అర్థమయ్యేంత దగ్గరగా నేను ఉండను. మెట్లు దిగి కిందికి వెళ్లి, పళ్లేలు కడిగే చోట కుళాయి పెద్దగా తిప్పుకుని నిలబడతాను. పైన ఆయన చెబుతూనే ఉంటాడు. ఎవరూ మార్చకుండా అది మేడం దాకా వెళుతుంది. నేను పళ్లేలు కడుక్కుంటాను. ఒక్కోసారి కూనిరాగం కూడా తీస్తున్నానని వంటామె అంటోంది. నాకు తెలియలేదు.